తుడిచి రాసుకునే చిప్పు

అమ్మలూ,

నువ్వు పంపిన పట్టిక చూశాను. ఏడు బోర్డులు, ఒక్కోదాని పక్కన ఎన్ని మెగాహెర్ట్జ్, ఎంత ర్యామ్, ఎన్ని పిన్నులు, వైఫై ఉందా లేదా, ధరెంత. గళ్లు గీసి మరీ రాశావు, అచ్చం మీ నాన్న పోలికే. చివర "వీటిలో ఏది కొనమంటావు పెదనాన్నా" అన్నావు. పెద్ద అంకెలున్నదాన్నే కొనేయమంటానేమోనన్న ఆశ ఆ ప్రశ్నలోనే కనబడుతోంది. పట్టిక బాగుంది గానీ, నేనైతే ముందు చూసే గడి అందులో లేదు. తప్పు చేశాక రెండోసారి ప్రయత్నించడానికి ఎంతసేపు పడుతుంది, ఎంత ఖర్చవుతుంది? ఆ గడి గీయి. మిగతావి తర్వాత చూద్దాం.

నువ్వు చేయబోయేది ఏమిటో కాస్త ఆలోచించు. ఒక ఎల్‌ఈడీ వెలిగిస్తావు, గదిలో వేడి ఎంతుందో సెకనుకోసారి చూస్తావు, మేడమీద నీళ్ల ట్యాంకు నిండగానే మోటారు ఆపిస్తావు. వీటికి 16 మెగాహెర్ట్జ్ చాలు, 240 ఉన్నా ఆ మిగులంతా ఖాళీగా కూర్చుంటుంది. నీకు ఎక్కువ కావాల్సింది ప్రయత్నాలు. మొదటిసారి రాసిన ప్రోగ్రాం పనిచేయదు. రెండోసారి రాసింది పనిచేస్తుంది గానీ నువ్వు అనుకున్న పని చేయదు. చిన్న ప్రాజెక్టులో కూడా చిప్పును ఎన్నిసార్లు తుడిచి రాస్తావో లెక్కే ఉండదు. అందుకే ఆ తుడవడం ఎంత తేలికో ముందు చూడమంటున్నాను.

మా రోజుల్లో అదెలా ఉండేదో చెబితే నీకు వింతగా ఉంటుంది. మీ కాలేజీలో ఇప్పటికీ చెప్పే 8051ని ఇంటెల్ 1980లో తెచ్చింది. అందులో మనం ప్రోగ్రాం రాసుకోగలిగిన రకం 8751. సెరామిక్ ఒంటి మీద చిన్న క్వార్ట్జ్ అద్దపు కిటికీ ఉండేది, అందులోంచి చూస్తే లోపలి సిలికాన్ ముక్క మెరుస్తూ కనిపించేది. రాసింది చెరపాలంటే చిప్పును బోర్డు నుంచి పీకి, అతినీలలోహిత దీపం ఉన్న పెట్టెలో పెట్టి మూత వేయాలి. పావుగంట నుంచి అరగంట దాకా ఆగాలి. తర్వాత దాన్ని ప్రోగ్రామర్‌లో పెట్టి రాసి, మళ్లీ బోర్డులో గుచ్చి చూడాలి. ఒక కామా తప్పు పెట్టినా ఇదంతా మొదటి నుంచి. అందుకే జరుగుబాటు ఉన్నవాళ్లు రెండు మూడు చిప్పులు పెట్టుకునేవాళ్లు. ఒకటి బోర్డులో ఉంటే ఇంకొకటి దీపం కింద ఉండేది.

రాశాక కిటికీ మీద నల్ల స్టిక్కరు అంటించడం తప్పనిసరి. అలాంటి కిటికీ చిప్పుల డేటాషీట్లలో ఇంటెల్ వాళ్లే రాశారు: నేరుగా ఎండలో పెడితే దాదాపు వారంలో, గదిలోని ట్యూబులైటు వెలుతురుకు మూడేళ్లలో రాసినది చెరిగిపోవచ్చని. ఈ కిటికీ మెమరీని కనిపెట్టిన డోవ్ ఫ్రోమన్ ఇంటెల్ ఇంజనీరే, 1971 నాటి మాట. అప్పటికి అదే అద్భుతం. అంతకుముందు ప్రోగ్రాం ఎక్కువగా ఫ్యాక్టరీలోనే చిప్పు లోపల అచ్చయి వచ్చేది, మార్చాలంటే చిప్పునే కొత్తగా చేయించుకోవాలి.

సెరామిక్కు, క్వార్ట్జ్ కిటికీ ఖరీదైనవి కదా, అదే సిలికాన్‌ను కిటికీ లేని ప్లాస్టిక్ ఒంట్లో పెట్టి చవగ్గా అమ్మేవాళ్లు. లోపలికి వెలుతురు పోదు కాబట్టి ఒకసారి రాస్తే ఇక పచ్చబొట్టే. వీటిని ఓటీపీ చిప్పులంటారు, ఒక్కసారే ప్రోగ్రాం చేయగలిగేవి. నీ ఫోనుకు వచ్చే ఓటీపీతో దీనికి చుట్టరికం లేదు. ఇవి అంతరించిపోయాయనుకోకు. తైవాన్‌కు చెందిన పదౌక్ అనే కంపెనీ చేసే పీఎంఎస్150సీ మూడు అమెరికన్ సెంట్ల చిప్పుగా పేరు పడింది, అది ఓటీపీయే. లక్షల్లో బొమ్మలు, లైట్లు చేసేవాడికి అది లాభం, ప్రోగ్రాం ఖాయమయ్యాకే ఎక్కిస్తాడు కాబట్టి. ఆన్‌లైన్‌లో చవగ్గా కనబడిందని నువ్వు మాత్రం అటు వెళ్లకు.

ఈ కిటికీల బాధ 1993లో తీరింది. ఆ ఏడు మైక్రోచిప్ వాళ్లు పిక్16సీ84 తెచ్చారు. పద్దెనిమిది కాళ్ల చిన్న చిప్పు, ప్రోగ్రాంకు 1,024 మాటల చోటు, ర్యామ్ 36 బైట్లు. ముప్ఫై ఆరే, కిలోలు కావు. అయినా ఇళ్లలో ప్రయోగాలు చేసుకునేవాళ్లు దాన్ని కళ్లకద్దుకున్నారు. కారణం ఒక్కటే, కిటికీ లేదు, దీపం లేదు, కరెంటుతోనే చెరిగిపోతుంది, కొద్దిపాటి తీగలతో సర్క్యూట్‌లో ఉండగానే కొత్త ప్రోగ్రాం ఎక్కుతుంది. సొంతంగా సోల్డర్ చేసిన ప్రోగ్రామర్‌తో బల్ల మీదే పని అయిపోయేది. దాదాపు అదే కాలంలో అట్మెల్ వాళ్లు 8051కి ఫ్లాష్ మెమరీ పెట్టి ఏటీ89సీ51 తెచ్చారు. మన కాలేజీల్లో ఒక తరం ఇంజనీర్లు దాని మీదే కోడ్ డంప్ చేయడం నేర్చుకున్నారు.

ఆ చిప్పులు కోఠీ గుజరాతీ గల్లీ లాంటి చోట్ల పాత సరుకుగా ఇంకా తగులుతాయి, కాబట్టి పేరులో అక్షరం చూసి తీసుకో. ఏటీ89సీ51 అయితే రాయడానికి చిప్పు పీకి పెద్ద ప్రోగ్రామర్‌లో పెట్టాలి. ఏటీ89ఎస్52 అయితే చిన్న ఐఎస్‌పీ ప్రోగ్రామర్‌తో బోర్డు మీద ఉండగానే ఎక్కించవచ్చు. రెండూ పక్కపక్కనే డబ్బాల్లో ఉంటాయి, చూడ్డానికి కవలలు. పిక్ చిప్పుల్లోనైతే అంకెల మధ్య 'ఎఫ్' ఉంటే ఫ్లాష్, అది తీసుకో. 'సీ' ఉన్నవి చాలావరకు పాత కిటికీ రకాలో, ఒక్కసారి రాసే రకాలో. ఇందాక చెప్పిన 16సీ84 ఒక్కటి ఆ లెక్కకు లొంగదు, దాని తర్వాత వచ్చిన 16ఎఫ్84 లొంగుతుంది.

"ఎన్నిసార్లు తుడవచ్చు, అరిగిపోదా" అని నువ్వు అడుగుతావని తెలుసు. అరుగుతుంది. ఫ్లాష్ మెమరీలో ఒక్కో గదిలోకి విద్యుదావేశాన్ని పలుచని ఆక్సైడ్ పొర గుండా తోస్తారు, లాగుతారు. ప్రతిసారీ ఆ పొర కాస్త దెబ్బతింటుంది. ఏటీ89ఎస్52కి కంపెనీ పాత డేటాషీటులో 1,000 సార్లని రాసింది. ఆర్డుయినో యూనోలో ఉండే ఏటీమెగా328పీకి 10,000 సార్లు. రోజుకు పదిసార్లు చొప్పున ఒక్కరోజు కూడా మానకుండా రాసినా ఆ పదివేలకు వెయ్యి రోజులు పడుతుంది. మధ్యలో నీకు సెమిస్టర్ పరీక్షలున్నాయి, పండగలున్నాయి. ఈ లెక్క చూసి రెండుసార్లు ఆలోచించి ఒకసారి ఎక్కించే పొదుపు మాత్రం నేర్చుకోకు. అనుమానం వచ్చిన ప్రతిసారీ ఎక్కించి చూడు.

నిజంగా అరగదీసే చోటు వేరే ఉంది. అదే చిప్పులో ఈఈప్రామ్ అని 1,024 బైట్ల చిన్న కొట్టు ఉంటుంది, కరెంటు పోయినా గుర్తుంచుకోవాల్సినవి దాచుకోవడానికి. దానికి లక్ష సార్లని హామీ. లక్ష అంటే ధారాళంగా అనిపిస్తుంది. కానీ ఒక్కో బైటు రాయడానికి 3.3 మిల్లీసెకన్లే పడుతుంది. రాసే ఆజ్ఞను పొరపాటున లూపులో వదిలేశావంటే అదే గదిలో మళ్లీ మళ్లీ రాస్తూ అయిదున్నర నిమిషాల్లో లక్ష పూర్తి చేస్తుంది. నువ్వు టీ తాగి వచ్చేలోపు. ఆర్డుయినోలో 'రైట్' బదులు 'అప్‌డేట్' అనే ఆజ్ఞ వాడు. అది ముందు లోపలున్నది చదివి, విలువ మారితేనే రాస్తుంది. ట్యాంకు నీటిమట్టం లాంటివి నిమిషానికోసారి దాచే అవసరం ఉందా అని కూడా చూసుకో, మోటారు ఆగినప్పుడు ఒక్కసారి దాస్తే సరిపోవచ్చు.

ఇక తుడిచి రాసే దారి. ఈ దారే నీ రోజువారీ సుఖదుఃఖాలను తేలుస్తుంది. ఆర్డుయినో 2005లో ఇటలీలో ఇవ్రియా అనే ఊళ్లో పుట్టింది, ఎలక్ట్రానిక్స్ తెలియని డిజైన్ విద్యార్థుల కోసం. దానికి ముందే అక్కడి విద్యార్థి హెర్నాండో బరగాన్ 'వైరింగ్' అనే పని చేసిపెట్టాడు, ఆర్డుయినో దాని మీదే లేచింది. ఆయన పేరు చాలామంది చెప్పరు గనక చెబుతున్నాను. వాళ్లు చిప్పు లోపల బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాం ముందే పెట్టి ఉంచారు. అది యూఎస్‌బీ తీగలోంచి వచ్చే నీ కోడును అందుకుని మిగతా చోట్లో రాసుకుంటుంది, కాబట్టి వేరే ప్రోగ్రామర్ అక్కర్లేదు. బటన్ నొక్కాక కొన్ని క్షణాల్లో కొత్త ప్రోగ్రాం పరుగెడుతుంది. అరగంట దీపం కింద ఆగినవాళ్లను అడిగితే తెలుస్తుంది ఆ క్షణాల విలువ.

ఇక్కడ మొదటివారం ఏడిపించేవి రెండు. ఫోను చార్జర్‌తో వచ్చిన కొన్ని యూఎస్‌బీ తీగల్లో కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలుండవు. బోర్డు మీద లైటు వెలుగుతుంది, కంప్యూటరుకు మాత్రం అది కనబడదు. బోర్డు పాడైందని షాపువాడితో పోట్లాడే ముందు తీగ మార్చి చూడు. రెండోది, చవక బోర్డుల్లో యూఎస్‌బీని అందుకోవడానికి సీహెచ్340 అనే చిప్పు ఉంటుంది, నీ ల్యాప్‌టాప్‌లో దాని డ్రైవర్ లేకపోతే వేసుకోవాలి. నానో బోర్డయితే మెనూలో 'ఓల్డ్ బూట్‌లోడర్' ఎంచుకుంటే తప్ప కొన్ని లొంగవు.

రాస్ప్‌బెర్రీ పై పికో ఈ విషయంలో ఇంకా మెత్తన. 2021 జనవరిలో నాలుగు డాలర్లకు వచ్చింది. దాని మీద బూట్‌సెల్ అనే బటన్ నొక్కి పట్టుకుని తీగ పెడితే కంప్యూటర్లో పెన్‌డ్రైవ్‌గా తెరుచుకుంటుంది, ఫైలు లాగి అందులో పడేస్తే పని అయిపోతుంది. ఆ అందుకునే ప్రోగ్రాం చిప్పు లోపల ఎవరూ చెరపలేని చోట ఉంది. అంటే నువ్వు ఎంత పిచ్చి కోడు ఎక్కించినా మళ్లీ మొదటికి రావచ్చు. పైగా మైక్రోపైథాన్ వేసుకుంటే ఒక్కో లైను టైపు చేసి అక్కడికక్కడే జవాబు చూడవచ్చు, ఎక్కించడమన్న మాటే లేదు.

"మరి నీ గడి ప్రకారం పికోయే గెలిచింది కదా" అంటావు. ప్రోగ్రాం తప్పుల వరకు అవును, దాన్ని మించింది లేదు. కానీ తప్పులు రెండు రకాలు, అమ్మలూ. కోడులో చేసేవి, తీగల్లో చేసేవి. మొదటి ఆరునెలలు నీ తప్పుల్లో సగం తీగల్లోనే ఉంటాయి, అక్కడ తుడిచి రాయడం పనికిరాదు. కాలిన పిన్ను కాలినట్టే.

పికో, నీ పట్టికలోని వైఫై బోర్డు ఈఎస్‌పీ32, రెండిటి పిన్నులూ 3.3 వోల్టులవి. నువ్వు కొనబోయే చవక కిట్టులో దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04, 16x2 ఎల్‌సీడీ, రిలే బోర్డు చాలావరకు అయిదు వోల్టులవి. హెచ్‌సీ-ఎస్‌ఆర్04 ఎకో పిన్ను అయిదు వోల్టులు బయటికి తోస్తుంది, దాన్ని నేరుగా పికోకు కలిపితే ఆ పిన్ను ఎంతకాలం బతుకుతుందో చెప్పలేం. మధ్యలో ఒక కిలో ఓమ్, రెండు కిలో ఓమ్‌ల రెసిస్టర్లతో వోల్టేజి పంచితే అయిదు కాస్తా 3.3కి దిగుతుంది. తెలిసినవాళ్లకు ఇది చిన్న పని, కొత్తవాళ్లు మర్చిపోతారు. యూనో అయితే అయిదు వోల్టుల మనిషే, ఆ కిట్టంతా దానికి నేరుగా కలుస్తుంది. ఒక్కో పిన్ను నుంచి 40 మిల్లీయాంపులు దాటకూడదన్నది గరిష్ఠ పరిమితి. నువ్వు 20 దగ్గరే ఆగు.

యూనోలో ఇంకో సుఖం ఉంది. ఆర్3 రకంలో చిప్పు పొడుగ్గా, 28 కాళ్లతో సాకెట్‌లో గుచ్చి ఉంటుంది. కాల్చేశావనుకో, పీకి అవతల పారేసి బూట్‌లోడర్ వేసి ఉన్న ఇంకో ఏటీమెగా328పీ తెచ్చి గుచ్చు, బోర్డు బతికిపోతుంది. అదే పేరుతో చిప్పును చిన్న చదరంగా బోర్డుకే అతికించిన రకం కూడా అమ్ముతారు. కొత్తగా 2023లో వచ్చిన ఆర్4లో చిప్పు వేరు, వేగం ఎక్కువ, కానీ అదీ అతికించిందే. షాపులో "డిప్ చిప్పున్న యూనో ఆర్3" అని అడిగి, కళ్లారా చూసి తీసుకో. ఇటాలియన్ అసలు బోర్డే కావాలని పంతం పట్టక్కర్లేదు. ఆర్డుయినో డిజైను అందరికీ తెరిచి ఉంచిందే, నకలు బోర్డు చక్కగా పనిచేస్తుంది.

కాబట్టి ముందు అది కొను. మిగిలిన డబ్బుతో రెండో చిప్పు కాదు, మల్టీమీటరు కొను. చవకదైనా పరవాలేదు. చాలా "కోడు తప్పులు" దాంతో చూస్తే వదులు తీగలని తేలతాయి. బ్రెడ్‌బోర్డు ఒకటి, 330 ఓమ్‌ల రెసిస్టర్లు గుప్పెడు, 104 అని రాసి ఉన్న చిన్న కెపాసిటర్లు గుప్పెడు. ఆ కెపాసిటర్‌ను చిప్పు కరెంటు కాళ్ల పక్కనే పెట్టకపోతే చిప్పు ఉన్నట్టుండి రీసెట్ అవుతుండవచ్చు, నువ్వు కోడులో వెతుకుతూ కూర్చుంటావు. రిలేనో చిన్న డీసీ మోటారునో నేరుగా పిన్నుకు కలపకు, మధ్యలో ట్రాన్సిస్టర్ పెట్టు, కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడ్ తిప్పి పెట్టు.

ఈఎస్‌పీ32 మీద నీకు మోజుందని తెలుసు. రెండో బోర్డుగా అదే తీసుకో, ట్యాంకు సంగతి ఫోనులో చూడాలనిపించిన రోజున. ముందే వద్దనడానికి కారణం అది చెడ్డదని కాదు. ప్రోగ్రాం తయారవడానికే ఎక్కువసేపు పడుతుంది, వైఫై తగలకపోతే తప్పు నీదో రూటరుదో తెలియదు, కొన్ని బోర్డుల్లో ఎక్కించేటప్పుడు బూట్ బటన్ నొక్కి పట్టుకోవాలి. పైగా ఆ చిప్పులో ఏడీసీ2 అనే గుంపు పిన్నులు వైఫై నడుస్తున్నప్పుడు సెన్సర్ విలువలు చదవలేవు. ఈ సంగతి తెలియనివాళ్లు మంచి సెన్సర్‌ను చెత్తబుట్టలో వేస్తారు.

బ్లూపిల్ అనే నీలం బోర్డు నీ పట్టికలో నాలుగోది, దాన్ని కొట్టేయి. దాని మీదుండే ఎస్‌టీఎం32 గొప్ప చిప్పే, ఉద్యోగాల్లో పనికొచ్చేదే. కానీ ఆ బోర్డుల్లో చాలావాటి మీద ఒక పేరు ముద్రించి లోపల వేరే చిప్పు ఉంటుంది. తప్పు నీదా చిప్పుదా అన్న అనుమానంతో చదువు సాగదు. ఏడోది, మన సీడాక్ వాళ్ల తేజస్32 చిప్పున్న ఏరీస్ బోర్డు. రిస్క్-ఫైవ్ మీద మన దేశంలో రూపొందించినది, చూస్తే ముచ్చటేస్తుంది. చిక్కుముడి పడితే అడగడానికి నీ పక్కన కూర్చున్నవాళ్లలో ఎవరికైనా తెలిసిన బోర్డు ముందు చేతికి రానీ, ఆ తర్వాత ఏరీస్ వంతు వస్తుంది.

ఎనిమిది కాళ్ల ఏటీటైనీ85 గురించి ఒక హెచ్చరిక. ముచ్చటైన చిప్పు, చిన్న పనికి చాలు. కానీ ఇది చేరిన ఏవీఆర్ కుటుంబపు చిప్పుల్లో (యూనోలోని ఏటీమెగా కూడా వీటిలోదే) ఫ్యూజ్ బిట్లని కొన్ని అమరికలుంటాయి. క్లాకు ఎక్కడి నుంచి రావాలి, రీసెట్ కాలు ఏం చేయాలి అన్నవి వాటిలో ఉంటాయి. క్లాకు బయటి నుంచి వస్తుందని పెట్టి, బయట ఏమీ పెట్టకపోతే చిప్పు చచ్చినట్టు పడుంటుంది. బయటి నుంచి క్లాకు అందిస్తే లేస్తుంది. ఇంకో కాలు కలిసొస్తుందని రీసెట్ కాలును మామూలు పిన్నుగా మార్చావా, మామూలు ప్రోగ్రామర్ ఇక దాన్ని పలకరించలేదు, 12 వోల్టులిచ్చే ప్రత్యేక ప్రోగ్రామర్ కావాలి. అర్థం కాని ఫ్యూజును ముట్టుకోకు. యూనోలో బూట్‌లోడర్ పోతే భయం లేదు, పక్కన ఇంకో యూనోను ప్రోగ్రామర్‌గా మార్చి మళ్లీ రాయవచ్చు. నీ స్నేహితురాలి దగ్గర ఒకటుంటుంది.

కాలేజీలో 8051 ల్యాబును "పాతది" అని చప్పరించేయకు. రిజిస్టర్లు, టైమర్లు, అంతరాయాలు అక్కడ బట్టబయలుగా కనిపిస్తాయి. ఆర్డుయినోలో అవన్నీ తెర వెనక ఉంటాయి. ల్యాబులో నేర్చుకున్నది ఇంటికొచ్చి యూనోలో చేసి చూడు, టైమర్ అన్నది రెండిట్లోనూ టైమరే.

చివరి మాట మీ సీనియర్ల సంగతి. ఫైనలియర్ రాగానే ప్రాజెక్టులు తయారుగా అమ్మే చోట్లకు పరుగెడతారు. బోర్డు, రిపోర్టు, వైవా ప్రశ్నలు, అన్నీ ప్యాకేజీ. ఎవరో ఒకరు పాస్ అయిపోయాక ఆ బోర్డు నీ చేతిలో పెడతారు, "వాడుకో" అని. అందులోని చిప్పుకు సాధారణంగా లాక్ బిట్లు వేసి ఉంటాయి. లోపలి ప్రోగ్రాం చదవాలని చూస్తే అర్థంలేని విలువలే వస్తాయి. దాని కోసం కుస్తీ పట్టకు. ఏవీఆర్ అయినా ఏటీ89ఎస్52 అయినా 'చిప్ ఎరేజ్' కొట్టు. ప్రోగ్రామూ పోతుంది, దాంతోపాటు తాళమూ పోతుంది. చిప్పు ఖాళీగా నీ చేతికొస్తుంది. ఆ తర్వాత బోర్డు మీద ఏ కాలు ఏ రిలేకు, ఏ ఎల్‌ఈడీకి పోయిందో మల్టీమీటరుతో పట్టుకుని కాగితం మీద గీసుకో. కరెంటు తీసేసి చూడు సుమా. రెండు వైపులా ఫొటోలు కూడా తీసి పంపు, నీకు దొరకని పిన్నులు నేను చూసి చెబుతాను.

పెదనాన్న